ఆరేళ్ళుగా పొలంలో మందు కలుపుతున్నాను. కడుపు నిలవకపోవడానికి అదే కారణమా?

కాలవగట్టు కోడలు

మాది అమలాపురం దగ్గర పల్లె. పెళ్ళయి ఆరేళ్ళు. నాకు 29, ఆయనకి 34. ఐదెకరాలు కౌలుకి చేస్తాం. సార్వా, దాళ్వా రెండూ వరే, గట్ల మీద ఇరవై కొబ్బరి చెట్లు. మందు కొట్టేది ఆయన, కలిపేది నేను. డ్రమ్ములో నీళ్ళు పోసుకోవడం, మూతతో కొలిచి మందు పొయ్యడం, కర్రతో తిప్పడం, పంపు నింపి ఆయన వీపుకి ఎత్తడం అన్నీ నావే. గుళికలు ఇసకలో కలిపి చల్లేదీ నేనే, ఉత్త చేతుల్తో. సాయంత్రం ఆ బట్టలు ఉతికేది ఎవరో చెప్పక్కర్లేదు కదా.

రెండుసార్లు నెల తప్పాను. ఒకటి రెండో నెలలో, ఒకటి మూడో నెలలో పోయాయి. ఆ తర్వాత రెండున్నరేళ్ళుగా అసలు లేదు. నెలసరి ముప్పై రోజులకి వచ్చేది, ఇప్పుడు నలభై, నలభై ఐదు అవుతోంది. ముగ్గురు డాక్టర్లకి చూపించాం. మేనరికమా, థైరాయిడ్ ఉందా, బరువెంత, ఏం తింటావు, అన్నీ అడిగారు. ఏం పని చేస్తావని ఒక్కరూ అడగలేదు. కేసు షీట్లో వృత్తి దగ్గర "గృహిణి" అని రాసేశారు.

మొన్న వరికి పట్టే సుడిదోమకి మందు కలుపుతుంటే తల తిరిగి గట్టు మీద కూలబడ్డాను. అప్పుడు వచ్చింది ఈ అనుమానం. ఇంట్లో అంటే "ఊరంతా కొడుతున్నారు, ఊరంతటికీ పుట్టట్లేదా" అంటున్నారు. మా అత్తగారు చెడ్డావిడ కాదు, కానీ ఈ మధ్య పేరంటాలకి వెళ్ళేటప్పుడు నన్ను పిలవడం మానేశారు. తెలిసినవాళ్ళు చెప్పండి. ఓదార్పు వద్దు, అది చాలా వచ్చింది.

దాళ్వా రైతు

మా అమ్మ నాట్లేసింది, కలుపు తీసింది, మందూ చల్లింది. మేం ఆరుగురం. ఏం జరిగినా మందు మీదకి తోసెయ్యడం అలవాటైపోయింది జనానికి. కొట్టకపోతే సుడిదోమ వారం రోజుల్లో చేను కాల్చేసినట్టు చేస్తుంది. అప్పుడు కౌలు మీరు కడతారా?

పులస బాబాయ్

ఆరుగురిలో నువ్వు ఎన్నోవాడివి అన్నా? మందు ఎక్కడ పనిచేసిందో చూద్దామని.

దాళ్వా రైతు

రెండోవాణ్ణి. ముందు నీకు కొట్టాలి డబుల్ డోసు.

కడియం అంటు

మీ సరసాలు తర్వాత. చెల్లీ, నేను పదిహేడేళ్ళ వయసు నుంచి నర్సరీలో అంట్లు కడుతున్నాను. షేడ్ నెట్ కింద పని. గులాబీలకి, చామంతులకి మందు కొట్టిన గంటకే మమ్మల్ని లోపలికి పంపేస్తారు. ఆకు ఇంకా తడిగా ఉంటుంది, చేతులు జిగురుగా అవుతాయి. అదే చేత్తో అన్నం తిన్న రోజులున్నాయి. నాకు ఇద్దరు పిల్లలు, మధ్యలో ఒకటి పోయింది. నా పక్కన కూర్చుని అంటు కట్టే అమ్మాయికి నాలుగు పోయాయి. మందు వల్లే అని నేను అనలేను, నాకేం తెలుసు. కానీ ఆ అమ్మాయి పని మానేసి అత్తారింటికి పోయాక ఏడాదిన్నరకి పాప పుట్టింది. దేవుడనే అనుకున్నాం అందరం.

పులస బాబాయ్

సరే, నోరు మూసుకున్నా.

పురుగుల మాస్టారు

వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి. "మందు" అని ఒక్క మాటలో అనేస్తే ఏమీ తేలదమ్మా. ఏ మందులో చెప్పు. కంపెనీ పెట్టిన పేరు కాదు, డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు. త్రికోణం ఏ రంగో కూడా. ఎరుపు అయితే అన్నిటికన్నా ఘాటు, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆఖరుది ఆకుపచ్చ.

కాలవగట్టు కోడలు

మాస్టారు, పశువుల పాకలో అటకెక్కి చూశాను. ఉన్నవి ఇవి: క్లోరిపైరిఫాస్ (పసుపు), కార్టాప్ గుళికలు, పొడ తెగులుకి హెక్సాకొనజోల్, నాట్లయ్యాక చల్లే బ్యుటాక్లోర్, దోమకి ఈ ఏడు కొత్తగా ఇచ్చిన పొడి ఒకటి. మూల మీద మోనోక్రోటోఫాస్ సగం సీసా (ఎరుపు), ఎప్పుడో కొబ్బరి వేళ్ళకి పెట్టింది. ఇంకోటి చీటీ ఊడిపోయింది, వాసన మాత్రం భయంకరం.

పురుగుల మాస్టారు

మూత తీసి వాసన చూశావా? ఇంకెప్పుడూ ఆ పని చెయ్యకు.

ముందు ఈ రెండూ చెబుతా. క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్ రెండూ ఆర్గానోఫాస్ఫరస్ జాతి. నరాల్లో ఒక ఎంజైముని అడ్డుకుంటాయి. పురుగుకీ మనకీ ఆ ఎంజైము ఒకటే. వీటివల్ల తల తిరుగుతుంది; నీకూ అందుకేనా అంటే చెప్పలేను, ఆ రోజు కలిపింది దోమ మందు కదా. మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద వాడొద్దని 2005లోనే అన్నారు. 2013లో బీహార్‌లో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయింది దీనివల్లే. చివరికి 2023లో ఆపెయ్యమని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మన కొబ్బరి తోటల్లో వేరుకి సంచి కట్టి ఈ మందు పెట్టించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అప్పట్లో మాకు ఇచ్చిన సిఫారసు అదే. గుర్తొస్తే ఇప్పుడు బాగుండదు.

ఈ మందులు ఒంట్లో ఏళ్ళ తరబడి నిలవవు, కొన్ని రోజుల్లో బయటికి పోతాయి. కానీ నువ్వు పంటకి నాలుగైదు సార్లు కలుపుతావు, ఏడాదికి రెండు పంటలు, మధ్యలో బట్టలు. పోయేలోపు మళ్ళీ వస్తోంది. పాతకాలం పురుగుమందులు డీడీటీ, బీహెచ్‌సీల దారి వేరు. అవి కొవ్వులో చేరి ఏళ్ళకేళ్ళు కూర్చుంటాయి.

ఇంకో మాట. మందు ఎక్కువగా ఒంటికి తగిలేది కొట్టేవాడికని అందరూ అనుకుంటారు. కొట్టేవాడికి తగిలేది ట్యాంకు నీళ్ళలో పలచబడ్డ మందు. కలిపేవాళ్ళ చేతిమీద పడేది అసలు సరుకు.

రాజోలు మామ్మ

నా వయసు 71. మనవడు టైపు చేస్తున్నాడు. మా రోజుల్లో గమాక్సిన్ పొడి (మాస్టారు చెప్పిన బీహెచ్‌సీ) గుడ్డలో మూట కట్టి చేను మీద దులిపేవాళ్ళం. తెల్లగా నెత్తంతా పట్టేది. ఆ చేత్తోనే తమలపాకు వేసుకునేవాళ్ళం. నాకు నలుగురు. మా తోడికోడలికి ఒక్కరూ లేరు. ఇద్దరం ఒకే చేలో దులిపాం. ఆవిడని గొడ్రాలు అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆవిడ లేదు.

దాళ్వా రైతు

మామ్మగారే చెప్పారుగా, నలుగురు పుట్టారని. నా మాటా అదే.

పిప్పెట్ శాస్త్రి

అన్నా, అందులోనే తోడికోడలు కూడా ఉంది. ఆ ముక్క వదిలేశావు.

నేను హైదరాబాద్‌లో టాక్సికాలజీ ల్యాబులో పని చేస్తాను, సొంతూరు తణుకు దగ్గర. "మా అమ్మకి పుట్టారు కదా" అన్నదానికి ఒక లెక్క ఉంది. కాలిఫోర్నియాలో 1960ల మొదట్లో కాన్పు అయిన తల్లుల రక్తం దాచిపెట్టారు. ఆ తల్లులకి పుట్టిన ఆడపిల్లలు పెద్దయ్యాక, వాళ్ళకి గర్భం రావడానికి ఎంత కాలం పట్టిందో చూశారు. తల్లి రక్తంలో డీడీటీ ఎక్కువున్న కొద్దీ కూతురికి ఆలస్యమైంది. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అంటే తల్లికి ఆరుగురు పుట్టినా లెక్క ముగియలేదు, కూతుళ్ళనీ అడగాలి.

ఎందుకంటే ఆడపిల్ల పుట్టేటప్పటికే అండాలన్నీ లోపల తయారై ఉంటాయి. పది ఇరవై లక్షలతో పుడుతుంది, పెద్దమనిషి అయ్యేసరికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి, జీవితం మొత్తంలో విడుదలయ్యేది నాలుగు వందలు. మగవాడికి కొత్త కణాలు తయారవుతూనే ఉంటాయి. ఆడవాళ్ళకి ఆ స్టాకు మళ్ళీ నిండదు.

(అదే అధ్యయనంలో డీడీటీ విరిగితే వచ్చే డీడీఈ ఎక్కువున్న తల్లుల కూతుళ్ళకి త్వరగా గర్భం వచ్చింది. కాబట్టి ఇది ఒక్క గీతలో తేలే కథ కాదు. దాళ్వా అన్న దాన్నే పట్టుకుని ఆడతాడని ముందే చెప్పేస్తున్నా.)

దాళ్వా రైతు

అదిగో, త్వరగా వచ్చింది అని నువ్వే అంటున్నావు!

పులస బాబాయ్

శాస్త్రిగారు జోస్యం కూడా చెబుతారు.

గోదారి పిల్ల

నెట్‌లో చూశాను, కలుపు మందు కలిపే ఆడవాళ్ళకి పిల్లలు పుట్టకపోయే అవకాశం 27 రెట్లు ఎక్కువట! ఇంకా ఏం కావాలి?

పిప్పెట్ శాస్త్రి

ఆ 27 నాకు తెలుసు. విస్కాన్సిన్‌లో చేసిన పని, 2003లో అచ్చయింది. పిల్లలు కలగని 322 మందినీ కలిగిన 322 మందినీ పోల్చారు. గర్భం కోసం ప్రయత్నించడానికి ముందు రెండేళ్ళలో కలుపు మందు కలిపి కొట్టినవాళ్ళు కలగనివారిలో ఎక్కువున్నారు. కానీ అలా స్వయంగా కలిపినవాళ్ళు మొత్తంలో చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. అందుకే అసలు విలువ 1.9 నుంచి 380 మధ్య ఎక్కడైనా ఉండొచ్చని వాళ్ళే రాశారు. సంబంధం ఉన్నట్టుంది, ఎంతో తెలియదు. 27 అని వాట్సాప్‌లో తిప్పకండి.

నాకు నమ్మకంగా అనిపించేది అయోవా, నార్త్ కరోలినా రైతు కుటుంబాల మీద చేసింది. 21 నుంచి 40 ఏళ్ళ లోపు ఆడవాళ్ళు మూడు వేల మందికి పైగా. మందులు వాడినవాళ్ళకి నెలసరి వ్యవధి పెరిగింది, మధ్యలో తప్పిపోవడం ఎక్కువైంది. హార్మోన్ల మీద పనిచేస్తాయని అనుమానమున్న మందులైతే ఇంకా. కోడలుగారు నలభై ఐదు రోజులు అన్నారు కదా, నాకు వెంటనే అది గుర్తొచ్చింది. ఆవిడకీ అదే జరిగిందని అనట్లేదు.

ఇంకోటి, హెక్సాకొనజోల్ లాంటి అజోల్ జాతి తెగులు మందులు ఈస్ట్రోజన్ తయారుచేసే ఎంజైముని అడ్డుకుంటాయని ల్యాబుల్లో, ఎలుకల్లో చూశారు. మనుషుల్లో ఎంత మోతాదుకి ఎంత అన్నది వేరే సంగతి.

ప్రకృతి పథం

అక్కలారా, ఈ విషాలన్నిటికీ ఒకే పరిష్కారం, మా దేశవాళీ బియ్యం తింటే గర్భదోషాలు వంద శాతం పోతాయి, కిలో 180 మాత్రమే, డోర్ డెలివరీ...

అరుగు పెద్ద

పై పోస్టులోని ఫోన్ నంబరు తీసేశాను. ఇక్కడ అమ్మకాలు లేవు. రెండోసారి పెడితే అరుగు దింపేస్తా.

పులస బాబాయ్

వంద శాతం అంటే ఒక్క బస్తాకి ఒక్క పిల్లా, లేక బస్తాకి కవలలా?

రాజోలు మామ్మ

బియ్యం తింటే పుడితే మన జిల్లాల్లో ఇంటికి పదిమంది ఉండాలి.

ఓపీ అయ్యాక

గైనకాలజిస్టుని. కాకినాడ వైపు. వృత్తి దగ్గర "గృహిణి" అని రాశారన్న మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టాను. నేనూ అలాగే రాస్తాను. రోజుకి అరవై మంది, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, అడిగే తీరిక ఉండదని అనుకుంటాను. పెయింటు పని చేసే మగవాణ్ణి అడుగుతాం, బేకరీ పొయ్యి దగ్గర నిలబడేవాణ్ణి అడుగుతాం. ఆడవాళ్ళని అడగం.

అమ్మా, సూటిగా చెబుతాను. "ఈ గర్భం మందు వల్లే పోయింది" అని చెప్పే పరీక్ష ఏదీ లేదు. రక్తంలో కోలినెస్టరేజ్ (మాస్టారు చెప్పిన ఎంజైము) చూస్తే ఈ మధ్య కాలంలో ఆర్గానోఫాస్ఫరస్ ఎంత తగిలిందో ఒక అంచనా వస్తుంది, అంతే. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండంలో క్రోమోజోముల తేడా వల్ల పోతాయి. అందులో ఎవరి తప్పూ ఉండదు.

మందు మీద అనుమానం ఉంచుకోండి, కానీ మిగతావి చూడకుండా వదలకండి. నలభై ఐదు రోజుల నెలసరికి పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగలు), థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోను చూడాలి. రెండు పోయాయి కాబట్టి రక్తం గడ్డకట్టే దోషానికి చేసే యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్ష, షుగర్, గర్భసంచి ఆకారం. ట్యూబులు తెరుచుకున్నాయో లేదో. మన దేశంలో గర్భసంచి టీబీ ఇంకా ఉంది, చాలామందికి దగ్గు కూడా ఉండదు, దాన్ని మరిచిపోకూడదు. ఏఎంహెచ్ అనే రక్త పరీక్ష చేస్తే అండాల నిల్వ ఎంతో అంచనా తెలుస్తుంది.

ఇక ముఖ్యమైనది. మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీ వారికి వీర్య పరీక్ష చేసినట్టు ఎక్కడా లేదు.

కాలవగట్టు కోడలు

లేదండి. చెయ్యలేదు. మొదటి డాక్టరుగారు రాశారు, ఆయన వెళ్ళలేదు. "రెండుసార్లు వచ్చింది కదా, నాలో లోపమేంటి" అన్నారు.

కడియం అంటు

ఆరేళ్ళుగా నీ ఒంట్లో సూదులు, ఆయనకి ఒక్క డబ్బా బరువా?

ఓపీ అయ్యాక

రెండుసార్లు వచ్చినా ఆ తర్వాత తగ్గి ఉండొచ్చు. కొట్టేది ఆయనే కదా. అసలు పురుగుమందులకీ సంతానానికీ సంబంధం మొదట గట్టిగా బయటపడింది మగవాళ్ళలోనే. 1977లో కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే మందు తయారుచేసే ఫ్యాక్టరీలో కార్మికులు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని, ఎవరికీ పిల్లలు పుట్టట్లేదని గమనించారు. పరీక్ష చేస్తే కొందరికి కణాలే లేవు. డాక్టర్లు కనిపెట్టింది కాదది, భోజనం దగ్గర కూర్చున్నవాళ్ళు కనిపెట్టింది.

తైవాన్ పంపు

రాయాలా వద్దా అని నిన్నటి నుంచి చూస్తున్నా. పేరు లేదు కాబట్టి రాస్తున్నా. నేను కూలికి మందు కొడతాను, ట్యాంకుకి ఇంత అని. సీజన్లో రోజుకి ముప్పై ట్యాంకులు. లుంగీ ఎగ్గట్టి, చొక్కా లేకుండా. వీపు మీద ట్యాంకు కారుతూ నడుము కింద దాకా తడిసేది. పెళ్ళయి నాలుగేళ్ళు మా ఆవిణ్ణి గుళ్ళ చుట్టూ, డాక్టర్ల చుట్టూ తిప్పాను. ఆఖరికి నాకు చేస్తే మిల్లీకి నలభై లక్షలు. ఉండాల్సింది కోటీ అరవై లక్షలట. ఆ రిపోర్టు నేను మా అమ్మకి చూపించలేదు. డాక్టరు మూడు నెలలు మానమన్నారు, నేను తొమ్మిది నెలలు పంపు ముట్టుకోలేదు, ఆటో నడిపాను. రెండు కోట్లకి వచ్చింది. బాబు ఇప్పుడు ఒకటో తరగతి. పంపు మానడం వల్లో, సిగరెట్ మానడం వల్లో, రెండూ ఒకేసారి మానాను కాబట్టి తెలీదు.

దాళ్వా రైతు

తమ్ముడూ, ఇది రాయడానికి గుండె కావాలి.

పులస బాబాయ్

అవును. ఈసారి జోకు లేదు.

ముఠా మేస్త్రమ్మ

మీరందరూ చేను ఉన్నవాళ్ళ సంగతి మాట్లాడుతున్నారు. నేను పద్దెనిమిది మంది ఆడవాళ్ళని నాట్లకి, కలుపుకి తీసుకెళ్తాను. ఏ చేలో ఏం చల్లారో మాకెవరు చెబుతారు? గుళికలు చల్లిన రెండో రోజుకే దిగమంటారు. మోకాలి లోతు నీళ్ళలో పొద్దున్నించి సాయంత్రం దాకా. నెలతప్పిన పిల్లని వద్దంటే ఏడుస్తుంది, కూలి పోతుందని. అసలు నెల తప్పిందని తెలిసేలోపే నెలన్నర నాట్లేసి ఉంటుంది. మానెయ్యమని చెప్పడం సులువు. కోడలమ్మా, నీ మీద కోపం కాదు. నువ్వు అడిగావు కాబట్టి మా మాటా వచ్చింది.

ఓపీ అయ్యాక

మేస్త్రమ్మగారు చెప్పిన నెలన్నరే అసలు ప్రమాదం. పిండానికి అవయవాలు ఏర్పడేది అప్పుడే. తెలిశాక జాగ్రత్త పడితే ఆలస్యం.

పురుగుల మాస్టారు

ఏ చేలో ఏ రోజు ఏం చల్లారో రైతు చెప్పి తీరాలి. మేస్త్రమ్మా, దిగే ముందు అడుగు, గట్టిగా అడుగు. ఎన్ని రోజులు ఆగాలో డబ్బాతో వచ్చే కాగితంలో ఉంటుంది. మా ఊళ్ళో ఒకాయన చల్లిన రోజు గట్టు మీద కర్రకి ఎర్రగుడ్డ కడతాడు. పైసా ఖర్చు లేదు.

దాళ్వా రైతు

గుడ్డ నేనూ కడతాను, అందులో నాకేం అభ్యంతరం. కానీ మందే వద్దంటే మాత్రం ఒప్పుకోను.

పురుగుల మాస్టారు

వద్దని ఎవరన్నారు? లెక్కలేకుండా కొట్టడం వద్దు. దుబ్బుకి ఎన్ని దోమలున్నాయో చూడకుండా, పక్క చేలో కొడుతున్నాడని కొట్టేవాళ్ళే సగం మంది. యూరియా తగ్గించి, నాటేటప్పుడు రెండు మీటర్లకో బాట తీస్తే దోమ ఉధృతి తగ్గుతుందని మారుటేరు వరి పరిశోధన కేంద్రం వాళ్ళు ఎన్నేళ్ళ నుంచి చెబుతున్నారు. బాటకి నేల పోతుందని తియ్యం.

గోదారి పిల్ల

తినే కూరల సంగతో? మేం పొలం వెళ్ళం, రాజమండ్రిలో ఫ్లాటు. ఐవీఎఫ్‌కి తిరుగుతున్నాను, ఇదంతా చదివి టెన్షన్ పట్టుకుంది.

పిప్పెట్ శాస్త్రి

దాని మీద బోస్టన్‌లో ఒక పని ఉంది, 2018లో వచ్చింది. ఐవీఎఫ్ లాంటి చికిత్సకి వచ్చిన 325 మంది. మందు అవశేషాలు ఎక్కువుండే పళ్ళూ కూరలూ బాగా తిన్నవాళ్ళలో, తక్కువ తిన్నవాళ్ళతో పోలిస్తే బిడ్డ పుట్టే అవకాశం 26 శాతం తక్కువ కనిపించింది. కానీ వాళ్ళని ఊరికే గమనించారు, ఎవరికీ ఏదీ పెట్టి చూడలేదు. దీన్ని పట్టుకుని కూరలు మానేస్తే ఇంకా నష్టం. పై మందు పోవడానికి వంటసోడా నీళ్ళలో పన్నెండు, పదిహేను నిమిషాలు ఉంచితే ఉత్త నీళ్ళకన్నా నయమని యాపిల్స్ మీద చూశారు. లోపలికి పీల్చుకున్న మందు కడిగితే పోదు. కోడలుగారి చేతుల ముందు మీ వంకాయ చాలా చిన్న విషయం, మీరు నిద్రపోండి.

రాజోలు మామ్మ

మరి కాలవ నీళ్ళు? పొలాల మురుగంతా ఎటు పోతుంది? 2020లో ఏలూరులో జనం మూర్ఛలొచ్చి పడిపోయారు కదా. అప్పుడు మా వాళ్ళు నెల రోజులు క్యాన్ నీళ్ళే తాగారు.

పిప్పెట్ శాస్త్రి

అప్పుడు రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు మామ్మగారూ, పురుగుమందుల మాటా వచ్చింది. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కోడలుగారి ప్రశ్న తప్పిపోతుంది.

కాలవగట్టు కోడలు

పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. అందరి పోస్టులూ ఆయనకి చూపించాను. తైవాన్ పంపు అన్నయ్య రాసింది రెండుసార్లు చదివి ఫోను ఇచ్చేసి బయటికి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్న "పద" అన్నారు. మిల్లీకి తొంభై లక్షలు వచ్చింది. నాకు థైరాయిడ్ కొంచెం ఎక్కువుంది, మాత్ర ఇచ్చారు. ట్యూబులు బాగున్నాయి. ఏఎంహెచ్ నా వయసుకి కొంచెం తక్కువే అన్నారు. మిగతావి ఇంకా రావాలి.

ఈసారి వేరే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. నేనే చెప్పాను, ఆరేళ్ళుగా మందు కలుపుతున్నానని. పేర్లు రాసుకున్న కాగితం ఇచ్చాను. ఆవిడ చదివి, షీట్లో గృహిణి కొట్టేసి "వ్యవసాయం, మందు కలుపుతుంది" అని రాశారు. మూడు నెలలు ఇద్దర్నీ దూరంగా ఉండమన్నారు. ఫోలిక్ యాసిడ్ మొదలెట్టాను.

తైవాన్ పంపు

మూడు నెలలు ఎందుకో మాకు చెప్పారు: అండం ఆఖరి దశలో ఎదగడానికి మూడు నెలల దాకా పడుతుందట, మగవాళ్ళ కణానికి రెండున్నర. అందుకని. బావగారికి చెప్పు, తొంభై అంటే నాకన్నా చాలా నయం.

దాళ్వా రైతు

మరి ఈ మూడు నెలలు చేనెవరు చూస్తారమ్మా? దాళ్వా పొట్ట మీద ఉంటుంది ఇప్పుడు.

కాలవగట్టు కోడలు

కొట్టడానికి డ్రోన్ మాట్లాడాం, ఎకరానికి ఇంత అని. కలపడం దగ్గర ఆగింది. వాళ్ళ మనిషి ఒకడే వస్తాడు, నీళ్ళూ మందూ మనమే అందించాలి.

రిపోర్టు వచ్చిన రోజు మా అత్తగారు ఏమీ అనలేదు. రాత్రి అన్నం తింటూ "నేను కలుపుతాలే, నాకింక పిల్లలెందుకు" అన్నారు.

పులస బాబాయ్

ఆయ్. అత్తగారు అత్తగారే.

ఓపీ అయ్యాక

పిల్లలు అక్కర్లేదేమో గానీ నరాలు, ఊపిరితిత్తులు అక్కర్లేదా? ఆవిడ వయసెంత? ఉత్త చేతుల్తో మాత్రం వద్దు.

పురుగుల మాస్టారు

నైట్రైల్ గ్లౌజులు తీసుకో. గుడ్డవీ తోలువీ వద్దు, అవి మందుని పీల్చి చేతికే అంటిస్తాయి. విప్పేముందు గ్లౌజు మీదే సబ్బుతో కడగాలి, తర్వాత చేతులు. పొడుగు చేతుల చొక్కా, ముక్కుకి మాస్కు, కంటికి అద్దాలు. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి కలపాలి. ఆ బట్టలు ఇంటి బట్టలతో కలపొద్దు, విడిగా నానబెట్టండి, వాటినీ గ్లౌజులతోనే ఉతకండి. మోనోక్రోటోఫాస్ సీసా కాలవలో పారెయ్యొద్దు, కాల్చొద్దు, పూడ్చొద్దు. రైతు సేవా కేంద్రంలో అడగండి, కొన్న షాపుకి తిరిగి ఇమ్మంటారేమో. అంతదాకా తాళం వేసిన చోట ఉంచు. చీటీ లేని డబ్బా కూడా అంతే.

మందు కొలిచే చెంబూ బకెట్టూ ఏం చేస్తున్నావు?

కాలవగట్టు కోడలు

కొలిచేది మూతతోనే కదా మాస్టారు, చెంబు లేదు. బకెట్టు... కడిగేసి గేదెకి కుడితి పెడుతున్నాం. ఇప్పుడే పాకలోంచి తీసి పక్కన పడేశాను.

పురుగుల మాస్టారు

అడుగున చిల్లు పెట్టు. లేకపోతే ఎవరో ఒకరు మళ్ళీ వాడతారు.

కడియం అంటు

చెల్లీ, మేం కూడా నిన్న యజమానిని అడిగాం, మందు కొట్టిన పూట లోపలికి వెళ్ళం అని. ఐదుగురం కలిసి అడిగాం. చూద్దామన్నాడు. ఇవాళ మాత్రం మధ్యాహ్నం దాకా బయట కుండీలు నింపించాడు.

కాలవగట్టు కోడలు

గ్లౌజులు వచ్చాయి. అత్తగారి చేతికి పెద్దవి, వేళ్ళ దగ్గర వదులుగా ఉన్నాయి. మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసి బిగించుకున్నారు.

పురుగుల మాస్టారు

వదులుంటే మందు లోపలికి జారి అక్కడే నిలబడుతుంది. మార్పించు.

కాలవగట్టు కోడలు

సరే మాస్టారు. శుక్రవారం అమలాపురం వెళ్తున్నాం, అత్తగారూ వస్తానన్నారు. చేతికి వేసి చూసుకునే తీసుకుంటాం.